గైడొనేయైట్‌కి యాభై ఏళ్ళ పండగ

"రాయికి పుట్టినరోజేమిటండీ! రిటైరయ్యాక మీకు చాదస్తం మరీ ఎక్కువైంది" అంది మా ఆవిడ. "కేకు కోస్తావా తాతయ్యా, సుత్తి పెట్టి రాయినే కొడతావా?" అని మనవరాలు. రెండూ చెయ్యననీ, ఒక వ్యాసం రాస్తాననీ చెప్పాను. ఇద్దరి ఉత్సాహమూ అక్కడికక్కడే చప్పబడిపోయింది.

రాయి పుట్టి పన్నెండు కోట్ల ఏళ్ళయి ఉంటుంది, నిజమే. నేను పండగ చేసుకుంటున్నది దాని పేరుకి. బారసాలై యాభై ఏళ్ళు నిండాయి. కెనడాలో మాంట్రియల్‌కి తూర్పున నలభై కిలోమీటర్ల దూరంలో మౌంట్ సెయింట్ హిలేర్ అని ఒక కొండ ఉంది. అక్కడి క్వారీలో దొరికిన ఒక కొత్త ఖనిజానికి 1974లో చావో, వాట్కిన్సన్ అనే ఇద్దరు ఖనిజశాస్త్రవేత్తలు గైడొనేయైట్ అని పేరు పెట్టారు. ఆ పేరులో ఉన్న మనిషి గాబ్రియెల్ డొనే. దగ్గరివాళ్ళకి 'గై'. బళ్ళో రాయించిన పేరుకాక ఇంట్లో పిలుచుకునే పేరు ఖనిజాల పట్టికకెక్కడం అరుదు. మన వైపు ఏ చిట్టెమ్మ గారికో ఈ గౌరవం దక్కి 'చిట్టైట్' అని రాసుకోవలసి వస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో ఊహించుకోండి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. గాబ్రియెల్ గారి గొప్ప పని విరళ మృత్తికల మీద, అంటే పత్రికలవాళ్ళు రేర్ ఎర్త్ అంటున్న సీరియం, లాంథనం, నియోడిమియం కుటుంబం మీద. ఆమె పేరు పెట్టిన రాయిలో మాత్రం ఇవేవీ ముఖ్యం కావు. అందులో ఉన్నది సోడియం, జిర్కోనియం, సిలికా, కాస్త నీరు. ఈ లోటు నాలుగేళ్ళకి తీరిందనుకోండి. ఆ సంగతి తర్వాత.

ముందు మనిషి గురించి. గాబ్రియెల్ హాంబర్గర్ 1920 మార్చి 21న, అప్పట్లో జర్మనీలో ఉన్న సైలీషియా ప్రాంతంలో లాండెస్‌హూట్ అనే ఊళ్ళో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. పంచాంగం లెక్క వేసి చూశాను: ఆ రోజు మనకి రౌద్రి నామ సంవత్సర ఉగాది. ఆవిడకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు గానీ, అభినందన రాసేవాడికి ఇంతకంటె మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది! పదిహేడేళ్ళ వయసులో, 1937లో, ఆమె అమెరికా చేరారు. హిట్లర్ పాలన మొదలై నాలుగేళ్ళయిన జర్మనీని వదిలి వెళ్ళడమంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి 1941లో పట్టా తీసుకున్నారు. తర్వాత ఎం.ఐ.టి.లో మార్టిన్ బర్గర్ దగ్గర పరిశోధన. విషయం టూర్మలిన్. రంగురాళ్ళ వ్యాపారులకి బాగా తెలిసిన ఆ రాయి లోపల అణువులు ఏ క్రమంలో కూర్చుని ఉన్నాయో తేల్చడం అప్పటి పరికరాలతో ఆషామాషీ పని కాదు. కంప్యూటర్లు లేవు, ఫిల్ము మీద పడ్డ చుక్కల నలుపుని కంటితో అంచనా కట్టి, కాగితం మీద కూడికలు వేసుకోవాలి. 1949లో డాక్టరేట్ వచ్చింది. అదే ఏడు జోసెఫ్ డొనేతో పెళ్ళయింది.

జోసెఫ్ గారు బెల్జియం మనిషి, ఆమెకంటె పద్దెనిమిదేళ్ళు పెద్ద. డేవిడ్ హార్కర్‌తో కలిసి 1937లో ఆయన చెప్పిన సూత్రాన్ని మా తరం విద్యార్థులందరం పరీక్షలకి వల్లె వేశాం. స్ఫటికం బయటి ముఖాల్లో ఏది పెద్దదిగా పెరుగుతుందో, లోపలి పొరల మధ్య దూరాన్ని బట్టి చెప్పొచ్చన్నది దాని సారం. అంత పేరున్న భర్త పక్కన పనిచేసే ఆడవాళ్ళ పని ఎవరి ఖాతాలో పడుతుందో మనకి తెలియనిది కాదు. అందుకే ఒక కాగితం సంగతి ఇప్పుడే చెప్పి ఉంచుతాను. 1953లో రాంట్‌జెనైట్ అనే కొత్త ఖనిజాన్ని ప్రకటిస్తూ 'అమెరికన్ మినరాలజిస్ట్'లో వచ్చిన మూడు పేజీల చిన్న వ్యాసం కింద ఒకే ఒక్క పేరుంది. అది గాబ్రియెల్ గారిది. దాని వెంటే అదే సంపుటంలో భార్యాభర్తలిద్దరి పేరుతో పెద్ద వ్యాసం వచ్చింది. నా పండగంతా ఆ రెంటి గురించే.

ఆ వ్యాసాల సంగతి తెలియాలంటే వాటికి ముందున్న గందరగోళం తెలియాలి. స్వీడన్‌లో రిడార్‌హ్యుటన్ దగ్గర బాస్ట్‌నేస్ అనే పాత గని ఉంది. అక్కడి బరువైన రాతిలోంచే 1803లో బెర్జీలియస్, హిసింగర్ సీరియం జాడ పట్టారు. బాస్ట్‌నేసైట్ అన్న పేరు ఆ గనిదే. సీరియం, ఫ్లోరిన్, కార్బనేటు కలిసిన ఖనిజమది. మరొకటి కొలంబియాలో మూసో పచ్చల గనుల్లో దొరికింది. పచ్చల మధ్య గోధుమరంగు స్ఫటికాలు. ఆ గనిని నడిపించిన పారిస్ అనే ఆయన పేరున అది పారిసైట్ అయింది. 1845లో దాన్ని విశ్లేషించినవాడు బున్సెన్. ప్రయోగశాలలో ప్రతి విద్యార్థీ వెలిగించే బర్నరు పేరులోని బున్సెనే. పారిసైట్‌లో కాల్షియం కూడా ఉందని తేలింది.

మూడోది దక్షిణ గ్రీన్‌లాండ్‌లో నార్సార్సుక్ అనే చోటిది. 1897లో స్వీడన్ ఖనిజశాస్త్రవేత్త గుస్తావ్ ఫ్లింక్ అక్కడికి వెళ్ళి స్ఫటికాలు మూటగట్టి తెచ్చారు. అందులో ఒకదాన్ని చూసి మొదట పారిసైటే అన్నారు. తర్వాత కాదనిపించింది. గ్రీకులో కలగాపులగం అని అర్థం వచ్చే మాట పట్టుకుని దానికి 'సింకిసైట్' అని పేరు పెట్టారు. తాను పొరబడ్డానని పేరులోనే ఒప్పుకోవడం నాకు మహా నచ్చింది. మన పరిశోధకుల్లో ఎంతమంది తమ పొరపాటునే పేరుగా పెట్టి ముద్రించుకుంటారు!

కానీ గందరగోళం పేరు పెడితే పోదు. నార్సార్సుక్ స్ఫటికాలని విశ్లేషిస్తే కాల్షియం పాళ్ళు ఒక చోట నిలబడవు. కొన్నిటిలో పారిసైట్ లెక్కకి దగ్గరగా, కొన్నిటిలో సింకిసైట్ లెక్కకి దగ్గరగా, కొన్నిటిలో రెంటికీ మధ్య ఎక్కడో. చూడటానికి ఒక్కటే స్ఫటికం. చక్కటి ముఖాలు, చక్కటి అంచులు. మామూలుగా ఇలాంటి వాటికి ఖనిజశాస్త్రంలో ఒక సౌకర్యమైన జవాబు ఉంది: సీరియం స్థానంలో కాల్షియం ఇష్టమొచ్చినంత దూరి ఉంటుంది అనడం. సైజుల్ని చూస్తే అది నమ్మబుద్ధేస్తుంది కూడా. చుట్టూ ఎనిమిది పొరుగు అణువులున్నప్పుడు సీరియం అయాన్ వ్యాసార్ధం దాదాపు 1.14 ఆంగ్‌స్ట్రాములు, కాల్షియంది 1.12. ఒకరి చొక్కా ఇంకొకరు తొడుక్కోవచ్చు. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. కొలత సరిపోయింది గానీ, విద్యుదావేశం సరిపోలేదు. సీరియంది మూడు, కాల్షియంది రెండు. ఆ ఒక్క తేడా ఎక్కడో చోట సర్దుబాటు కావాలి. డొనే దంపతులు పట్టుకున్నది ఆ సర్దుబాటుని.

ఎక్స్-రే కిరణాన్ని స్ఫటికం గుండా పంపిస్తే అవతల ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ముగ్గు కోసం పెట్టిన చుక్కల్లా వరుసగా, ఒక క్రమంలో. లోపల ఎంత ఎత్తుకొకసారి అమరిక మళ్ళీ మొదలవుతుందో, దాన్నిబట్టి చుక్కల మధ్య ఎడం ఉంటుంది. తిరగేసిన లెక్క: ఎత్తు పెద్దదైతే చుక్కలు దగ్గర, చిన్నదైతే దూరం. నార్సార్సుక్ స్ఫటికం పెట్టి ఫిల్ము కడిగితే ఒక ముగ్గు కాదు, ఒకదాని మీద ఒకటి రెండు మూడు ముగ్గులు కనిపించాయి. అడ్డం వరుసల్లో అన్నీ ఒకటే, నిలువు వరుసల్లో మాత్రం వేరు. అంటే ఒక్కటే స్ఫటికంలా కనిపించేది నిజానికి రెండు మూడు ఖనిజాలు ఒకే పునాది మీద, ఒకే దిక్కుకి, అతుకు తెలియకుండా పెరిగిన ఉమ్మడి కాపురం. అడ్డం కొలత అందరిదీ ఇంచుమించు 7.1 ఆంగ్‌స్ట్రాములు. గోడలు కలవడంలో ఇబ్బంది లేదు. తేడా అంతా మేడ ఎత్తులోనే.

ఆ ఎత్తులు చూడండి. బాస్ట్‌నేసైట్‌లో సీరియం-ఫ్లోరిన్ పొర ఒకటి, దాని మీద కార్బనేటు పొర ఒకటి. ఈ జత ఎత్తు 4.9 ఆంగ్‌స్ట్రాములు. సింకిసైట్‌లో సీరియం-ఫ్లోరిన్ పొర, కార్బనేటు, కాల్షియం పొర, మళ్ళీ కార్బనేటు. ఈ నాలుగింటి ఎత్తు 9.1. సీరియం తన పొరలో తాను, కాల్షియం తన పొరలో తాను. ఒకరి చోటులోకి ఒకరు దూరడం లేదు. ఫ్లోరిన్ సీరియం పక్కనే ఉండి దాని అదనపు ఆవేశం లెక్క చూసుకుంటుంది.

మా నాన్నగారు తెలుగు పండితులు. ఆ ప్రభావమేమో, ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు నాకు గురులఘువులే కనిపించాయి. 4.9 లఘువు, 9.1 గురువు. దాదాపు రెట్టింపు. సరిగ్గా రెట్టింపు కాదు గనుక నాన్నగారు ఒప్పుకునేవారు కాదు; నేను ఒప్పించేవాణ్ణి. అన్నీ లఘువులే వరసగా వస్తే బాస్ట్‌నేసైట్. అన్నీ గురువులే అయితే సింకిసైట్. ఒక లఘువు, ఒక గురువు, మళ్ళీ ఒక లఘువు, ఒక గురువు: పారిసైట్. ఛందస్సు చదివినవాళ్ళకి అది లగం, అంటే వగణం. కూడి చూడండి, 4.9కి 9.1 కలిపితే 14. పారిసైట్ పూర్తి ఆవృత్తి ఎత్తు ఎక్స్-రేలో వచ్చింది 84.1. ఆరు పద్నాలుగులు ఎనభై నాలుగు.

ఇక్కడివరకూ పాత పేర్లే. పాత సందేహాలకి జవాబు దొరికిందని ఇద్దరూ సంతోషించి ఆగిపోవచ్చు. కానీ ఫిల్ముల మీద ఇంకో ముగ్గు మిగిలిపోయింది. అది బాస్ట్‌నేసైట్‌దీ కాదు, పారిసైట్‌దీ కాదు, సింకిసైట్‌దీ కాదు. దాని ఆవృత్తి 69.4 ఆంగ్‌స్ట్రాములు, అంటే మూడు 23.1లు. 23.1 ఎలా వస్తుంది? 4.9, 9.1, 9.1. లఘువు, గురువు, గురువు. యమాతా! యగణం!

నా కుర్చీలోంచి నేను లేచి నిలబడ్డ చోటు ఇదే. ఆ యగణం ఖనిజాన్ని విడిగా ఎవరూ చేత్తో పట్టుకోలేదు. మిగతా వాటితో కలిసి పెరగడమే దాని బతుకు. విడదీసి రసాయన విశ్లేషణ చేద్దామంటే శుద్ధమైన ముక్కే లేదు. అయినా పొరల లెక్కని బట్టి దాని సూత్రం రాయగలిగారు: మూడు పాళ్ళు బాస్ట్‌నేసైట్ పదార్థానికి రెండు పాళ్ళు కాల్షియం కార్బనేటు. తూకం వెయ్యకుండా, ఆమ్లంలో కరిగించకుండా, కేవలం చుక్కల ఎడం చూసి ఒక ఖనిజం ఉనికినీ దాని కూర్పునీ చెప్పడం! ఎక్స్-రేలు లేకపోతే ఆ రాయి ఉన్నట్టే తెలిసేది కాదు గనుక గాబ్రియెల్ దానికి రాంట్‌జెన్ పేరు పెట్టారు. 1895లో ఎక్స్-రేలని కనిపెట్టినాయన. పేరు పెట్టడంలో ఇంతకంటె న్యాయం నేనెరగను.

పండితులెవరైనా కనుబొమ్మ ఎగరేస్తే ఒక మాట. పద్యంలో పాదానికి మొదలూ చివరా ఉంటాయి. రాయిలో ఈ వరుస ఆగకుండా సాగుతూనే ఉంటుంది. ఎక్కడ లెక్క మొదలుపెట్టారన్న దాన్ని బట్టి అదే రాయి యగణమనిపించవచ్చు, రగణమనిపించవచ్చు, తగణమూ అనిపించవచ్చు. స్ఫటికానికి యతిస్థానాలు లేవు. ఆ మేరకు నా పోలిక కుంటిదే.

అభినందన వ్యాసం కదా అని తప్పుల్ని దాచిపెట్టను. 1953 వ్యాసంలో చెప్పిన సౌష్ఠవాలన్నీ నిలబడలేదు. 1994లో సింకిసైట్, 2000లో పారిసైట్ నిర్మాణాలని కొత్త యంత్రాలతో మళ్ళీ నిర్ధారించినప్పుడు, వాటి అమరిక డొనేలు అనుకున్నంత నిటారుగా లేదనీ, పొరలు ఒక పక్కకి జరుగుతూ పేర్చుకున్నాయనీ తేలింది. అయితే ఏ పొర తర్వాత ఏ పొర, ఎన్నింటికి ఎన్ని అన్న లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఇల్లు కట్టిన వరుస నిజమే, గోడ కాస్త వాలింది. 1975లో బెల్జియంలో వాన్ లాండ్యూట్, అమెలింక్స్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ కుటుంబం స్ఫటికాలని పెడితే ఆ లఘువులూ గురువులూ నేరుగా చారలుగా కనిపించాయి. ఇరవై రెండేళ్ళ క్రితం చుక్కల ఎడం చూసి ఊహించినవి కళ్ళెదుట గీతలై నిలబడ్డాయి. గాబ్రియెల్ అప్పటికి మాంట్రియల్‌లో ఉన్నారు. ఆ బొమ్మలు చూసినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండి ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇదంతా పుస్తకాల్లో ఉండిపోయే విద్యేనా అంటే, కాదు. గాబ్రియెల్ పెళ్ళి జరిగిన 1949లోనే కాలిఫోర్నియాలో మౌంటెన్ పాస్ దగ్గర బాస్ట్‌నేసైట్ నిక్షేపం బయటపడింది. 1960ల నడుమ కలర్ టీవీ తెర మీద ఎర్ర రంగు పండించిన యూరోపియం అక్కణ్ణుంచే వచ్చింది. చైనాలో బాయన్ ఒబో గనుల్లో బాస్ట్‌నేసైట్, మోనజైట్ ముఖ్య ఖనిజాలు. మన దేశంలో గుజరాత్‌లోని అంబాడొంగర్ కార్బొనటైట్ శిలల్లో బాస్ట్‌నేసైట్, పారిసైట్, సింకిసైట్ మూడూ ఉన్నాయి. రాజస్థాన్ కామ్‌థాయ్‌లోనూ ఈ కుటుంబం వాళ్ళున్నారు. గని తవ్వేవాడికి ఈ ఛందస్సుతో పనేమిటంటే, డబ్బు పనే. రాతిలో గురువులు పెరిగే కొద్దీ కాల్షియం పెరుగుతుంది, విరళ మృత్తికల పాలు తగ్గుతుంది, ఆమ్లంలో కరిగించేటప్పుడు ఆ కాల్షియం ఉత్తపుణ్యాన ఆమ్లాన్ని తినేస్తుంది. పోనీ పిండి చేసి విడదీద్దామంటే, ఈ ఉమ్మడి కాపురం కోటో వంతు మిల్లీమీటర్లలో ఉంది. ఏ మిల్లూ అంత మెత్తగా రుబ్బలేదు. రేర్ ఎర్త్‌ల మీద ఈ మధ్య వస్తున్న వార్తల్లో ఏ దేశం ఎవరికి ఆపేసిందన్నదే కనిపిస్తుంది గానీ, రాతిలో ఏముందన్నది కనిపించదు. టన్నుల్లో చెప్తారు, ఖనిజం పేరు చెప్పరు. నాకు ఒళ్ళు మండుతుంది.

మనకి దగ్గరలో ఉన్నది వేరే రకం. భీమిలి బీచిలో నడిస్తే కాలికింద అక్కడక్కడా నల్ల ఇసుక చారలు. ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్ మధ్య తేనెరంగు మోనజైట్ రేణువులుంటాయి. ఆంధ్రా యూనివర్సిటీలో మా గురువులకి గురువు సి. మహదేవన్, ఎ. శ్రీరామదాస్ కలిసి విశాఖ జిల్లా సముద్రపు ఇసుకలో మోనజైట్ గురించి 1948లో వ్యాసం ప్రచురించారు. మహదేవన్ గారు కలకత్తాలో రామన్ దగ్గర ఎక్స్-రేలతో పనిచేసి వచ్చినవారే. విచిత్రమేమిటంటే, అదే 1948లో అమెరికాలో రోజ్ మూనీ అనే మరో మహిళ విరళ మృత్తికల ఫాస్ఫేట్ల నిర్మాణాలని ప్రచురించారు. మోనజైట్ లోపలి అమరిక సంగతి అందులోనే ఉంది. అణుశక్తి శాఖ లెక్కల్లో దేశంలో మోనజైట్ నిక్షేపాలు కోటీ ముప్పై లక్షల టన్నుల పైచిలుకు, అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. మోనజైట్ అన్న పేరు గ్రీకులో ఒంటరి అన్న మాటలోంచి వచ్చింది. డొనేల సింకిసైట్ గందరగోళం, మన మోనజైట్ ఒంటరి. రెంటి లోపలా ఉన్నది ఆ సీరియమే.

గూడూరు వైపు అభ్రకం గనుల్లో సమర్‌స్కైట్ కూడా దొరికింది. అదింకా పాపం. అందులోని యురేనియం లక్షల తరాల పాటు రేణువులు విసిరి విసిరి, దాని స్ఫటికం దానికే మిగలకుండా లోపలంతా చిందరవందర చేసేసింది. గాబ్రియెల్ గారికి కూడా దాని ఫిల్ము మీద ముగ్గు దొరకదు.

ఆమె మిగతా పనిని నేను త్వరగా దాటేస్తున్నాను, తక్కువదని కాదు. భార్యాభర్తలిద్దరూ మరికొందరితో కలిసి 1963లో తెచ్చిన 'క్రిస్టల్ డేటా' రెండో కూర్పు ప్రయోగశాలల్లో నిఘంటువులా వాడారు. 1969లో డేవిడ్ పాసన్‌తో కలిసి సముద్రపు నక్షత్రచేపల జాతి జీవుల ఎముకపలకల్ని ఎక్స్-రే తీసి, స్పాంజిలా చిల్లులున్న ఆ పలక ఒక్కొక్కటీ ఒకే కాల్సైట్ స్ఫటికంలా ప్రవర్తిస్తుందని చూపారు. ఇక 1970లో రుడాల్ఫ్ ఆల్‌మన్‌తో రాసిన వ్యాసం మాకందరికీ అన్నం పెట్టింది. ఎక్స్-రేకి హైడ్రోజన్ సరిగా కనిపించదు. ఒక చోట ఆక్సిజన్ కనిపిస్తే అది ఉత్త ఆక్సిజనా, హైడ్రాక్సిలా, నీరా అన్నది ఎలా తేల్చాలి? చుట్టుపక్కల అణువులు దానికి ఎంతెంత బంధబలం ఇస్తున్నాయో కూడండి, రెండు వస్తే ఆక్సిజన్, ఒకటి వస్తే హైడ్రాక్సిల్, దాదాపు సున్నా వస్తే నీరు అన్నారు. ఇంటికొచ్చిన మనిషి ఎవరి తాలూకో అతన్ని అడక్కుండా, అతనికి మర్యాద చేస్తున్నవాళ్ళని చూసి పోల్చుకోవడం లాంటిదిది. కనిపించనిదాన్ని పక్కవాటి నుంచి రాబట్టడం ఆవిడకి 1953 నుంచీ అలవాటే.

వాషింగ్టన్‌లో కార్నెగీ సంస్థ జియోఫిజికల్ లాబొరేటరీలో ఏళ్ళ తరబడి పనిచేసి, 1970లో ఆమె మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. మౌంట్ సెయింట్ హిలేర్ కొండలో పెద్ద భాగం, అడవితో సహా, మెక్‌గిల్‌దే. 1958లో గాల్ట్ అనే ఆయన రాసిచ్చారు. కొండకి ఆ పక్కన క్వారీ. నాలుగు వందలకు పైగా ఖనిజ జాతులు దొరికిన చోటది. ఆవిడ చేరిన నాలుగేళ్ళకి ఆ కొండ తన రాళ్ళలో ఒకదాన్ని ఆవిడ పేరు మీద రాసిచ్చింది. గైడొనేయైట్‌కి ఒక జంట ఉంది, కాటాప్లియైట్. రెంటి రసాయన సూత్రమూ అక్షరం తేడా లేకుండా ఒకటే. దినుసులవే, వంట వేరు. లోపలి అమరికని మాత్రం చావో గారు 1985 దాకా తేల్చలేదు. పేరు ముందు, నిర్మాణం పదకొండేళ్ళ తర్వాత.

మొదట్లో ఒక లోటు చెప్పాను. 1978లో అదే కొండలో, అదే చావో బృందం చేతుల మీదుగా అది తీరింది. లేత పసుపురంగు చిన్న చిన్న స్ఫటికాలు: సోడియం, కాల్షియం, స్ట్రాన్షియం, కార్బనేటు, నీరు, వాటితో పాటు విరళ మృత్తికల్లో ఒకటైన ఇట్రియం. దీనికి భార్యాభర్తలిద్దరి పేరునా డొనేయైట్ అన్నారు. ఈ కుటుంబం రాళ్ళు కూడా పొరలు పొరలుగా ఒకదాన్నొకటి అల్లుకుని పెరిగే రకమే. దీని దగ్గరి బంధువు ఎవాల్డైట్ మీద డొనేలు 1971లోనే పనిచేశారు. అదృష్టం ఏమిటంటే ఈ రెండు పేర్లూ బతికుండగానే పెట్టారు. గాబ్రియెల్ 1987 ఏప్రిల్ 4న కన్నుమూశారు. జోసెఫ్ గారు మరో ఏడేళ్ళున్నారు.

ఇంతవరకూ రాసి, మనవరాలికి చదివి వినిపించాను. రాంట్‌జెనైట్ దగ్గరికొచ్చేసరికి మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పిల్ల లోపలికి వెళ్ళి తన ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చింది. పొట్టివి లఘువులట, పొడుగువి గురువులట. బాస్ట్‌నేసైట్ కట్టింది. సింకిసైట్ కట్టింది. పారిసైట్, రాంట్‌జెనైట్ కట్టింది. ఇటుకలు మిగిలాయి. రెండు పొట్టివి, ఒక పొడుగుది, మళ్ళీ రెండు పొట్టివి, ఒక పొడుగుది పేర్చి, "ఈ రాయుందా తాతయ్యా?" అంది.

ఉంది. లలగ, సగణం. మైక్రోస్కోపు కింద చైనావాళ్ళకి కనిపించింది. దానికింకా మనిషి పేరు పెట్టలేదు.

"ఐతే నా పేరు పెట్టు" అంది చిట్టి.